క్యాజిల్, ఎ1: 1925 పోటీలో చిన్న ఇంజను ఎలా నెగ్గింది?

కొత్త ఫైర్‌మన్:
పెద్దలకు ఒక ప్రశ్న. 1924లో వెంబ్లీ ఎగ్జిబిషన్‌లో రెండు బ్రిటిష్ రైల్వే కంపెనీల ఆవిరి ఇంజన్లు, జీడబ్ల్యూఆర్ (గ్రేట్ వెస్టర్న్) వాళ్ల క్యాజిల్ క్లాసు కెయిర్ఫిల్లీ క్యాజిల్, ఎల్ఎన్ఈఆర్ (లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్) వాళ్ల ఎ1 క్లాసు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ పక్కపక్కనే నిలబెట్టారు. చిన్నగా కనిపించే క్యాజిల్ దగ్గర "బ్రిటన్‌లో అత్యంత శక్తిమంతమైన ప్యాసింజర్ ఎక్స్‌ప్రెస్ ఇంజను" అని బోర్డు పెట్టారు. ఆ మాట మీద పట్టుదల పెరిగి 1925లో ఇంజన్లు మార్చుకుని పోటీ పెట్టుకున్నారు. నాకు అంతుపట్టనిది ఇది: ఎ1 బరువు 92 టన్నులు, గ్రేటు (బొగ్గు మండే ఇనుప జల్లెడ) 41¼ చదరపు అడుగులు. క్యాజిల్ బరువు దాదాపు 80 టన్నులు, గ్రేటు 30 చదరపు అడుగులు. అయినా ఎదుటివాళ్ల లైనులోనూ, సొంత లైనులోనూ క్యాజిలే తక్కువ బొగ్గు కాల్చింది. ఎలా?

లెక్కల మాష్టారు:
ముందు ఆ బోర్డు సంగతి తేల్చుకుందాం. "శక్తిమంతమైన" అన్నది ట్రాక్టివ్ ఎఫర్ట్ (లాగుడు బలం) చూసి రాసిన మాట. అది లెక్కకట్టిన అంకె. పరీక్షించి కొలిచింది కాదు. సూత్రం ఇదీ: సిలిండరు వ్యాసాన్ని వర్గం చేసి, స్ట్రోకుతో (పిస్టన్ నడిచే దూరంతో), సిలిండర్ల సంఖ్యతో గుణించాలి. వచ్చినదాన్ని చక్రం వ్యాసానికి రెట్టింపుతో భాగించాలి. దాన్ని బాయిలరు పీడనంలో 85 శాతంతో గుణించాలి. కొలతలన్నీ అంగుళాల్లో.

క్యాజిల్: 16 × 16 × 26 × 4 = 26,624. చక్రం 80½ అంగుళాలు, రెట్టింపు 161. భాగిస్తే 165.4. పీడనం 225లో 85 శాతం 191.25. గుణిస్తే 31,626 పౌండ్లు.

ఎ1: 20 × 20 × 26 × 3 = 31,200. చక్రం 80, రెట్టింపు 160. భాగిస్తే 195. పీడనం 180లో 85 శాతం 153. గుణిస్తే 29,835 పౌండ్లు.

చూశారా, సిలిండర్ల పరిమాణంలో ఎ1దే పైచేయి. దాన్ని వెనక్కి నెట్టింది 180 పౌండ్ల పీడనం ఒక్కటే. పైగా ఈ అంకె ఇంజను కదిలేటప్పటి లాగుడు గురించే చెబుతుంది. 60 మైళ్ల వేగంలో ఎంతసేపు లాగగలదో చెప్పదు. అది బాయిలరు, గ్రేటు, వాల్వుల చేతిలో ఉంటుంది.

స్విండన్ పిచ్చి:
మాష్టారూ, బోర్డు మీద రాసింది అబద్ధం కాదు కదా!

లెక్కల మాష్టారు:
అబద్ధం అనలేదు. అందంగా కోసిన నిజం అంటున్నాను. ఇంకోటి చూడండి, 1927 నాటి జీడబ్ల్యూఆర్ కింగ్ క్లాసు. పీడనం 250, స్ట్రోకు 28, చక్రం 78. సిలిండరు 16 అంగుళాలు పెట్టి లెక్కేస్తే 39,056 వస్తుంది. బోరు (సిలిండరు వ్యాసం) పావు అంగుళం పెంచి 16¼ చేస్తే 40,286. ఆ పావు అంగుళం ఎందుకొచ్చిందో, క్యాజిల్ చక్రం 6 అడుగుల 8½ అంగుళాలైతే కింగ్‌కి 6 అడుగుల 6 అంగుళాలకు ఎందుకు తగ్గిందో ఆ అంకెలు చూస్తేనే తెలిసిపోతుంది. నలభై వేలు దాటాలి, పోస్టరు మీద వేసుకోవాలి.

వాల్వు గేర్:
అసలు ప్రశ్నకి వస్తా. జవాబులో ముప్పావు వంతు వాల్వులోనే ఉంది. కొంచెం ఓపిగ్గా చదవండి.

పిస్టన్ వాల్వు (సిలిండరులోకి ఆవిరిని వదిలి, ఆపే కదిలే మూత) నడిమి స్థానంలో ఉన్నప్పుడు ఆవిరి వచ్చే దారిని (పోర్టును) మూసి, ఇంకా కొంత మేర దాని మీదికి పొడుచుకుని ఉంటుంది. ఆ అదనపు మూతని లాప్ అంటారు. ఎ1 మొదట కట్టినప్పుడు లాప్ 1¼ అంగుళం, పూర్తి గేరులో (గరిష్ఠ సెట్టింగులో) వాల్వు నడక 4 9/16 అంగుళాలు. క్యాజిల్‌కి లాప్ 1⅝, నడక 7¼ అంగుళాలు.

⅜ అంగుళం తేడాకి ఇంత గొడవా అంటారేమో. డ్రైవరు ఇంజనుని పొదుపుగా నడపాలంటే కటాఫ్ తగ్గించాలి. అంటే పిస్టన్ కొద్ది దూరం నడవగానే ఆవిరి ఆపేసి, లోపలికి వెళ్లిన ఆవిరిని వ్యాకోచించనివ్వాలి. లాప్ పొట్టిదైతే కటాఫ్ తగ్గించేకొద్దీ వాల్వు నడక కుంచించుకుపోతుంది, పోర్టు సన్నని చీలికలా మాత్రమే తెరుచుకుంటుంది. ఆవిరి ఆ చీలికలోంచి దూరేసరికే పీడనం కోల్పోతుంది. బయటికి పోయే దారీ అంతే ఇరుకు, పని చేసిన ఆవిరి పిస్టన్‌కి ఎదురు తన్నుతుంది. ఈ బాధ పడలేక ఎ1 డ్రైవర్లు కటాఫ్ పొడవుగానే ఉంచి రెగ్యులేటరు (బాయిలరు నుంచి ఆవిరి వదిలే కవాటం) సగం మూసి నడిపేవాళ్లు. బాయిలరులో కష్టపడి పుట్టించిన పీడనాన్ని రెగ్యులేటరు దగ్గరే పారబోయడం అది.

లాప్ పొడవైతే అదే కటాఫ్‌కి వాల్వు ఎక్కువ దూరం నడుస్తుంది, పోర్టు వెడల్పుగా, చప్పున తెరుచుకుంటుంది. రెగ్యులేటరు పూర్తిగా తెరిచి 15 శాతం కటాఫ్‌లో పరిగెత్తించవచ్చు. జీడబ్ల్యూఆర్ ఇంజనీరు చర్చ్‌వర్డ్ స్విండన్ కర్మాగారంలో ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలోనే ఇది పట్టుకున్నాడు. మిగతా కంపెనీలు పదిహేనేళ్లు ఆలస్యంగా మేలుకున్నాయి.

కొత్త ఫైర్‌మన్:
మరి ఎ1 గీసిన గ్రెస్లీ అంతటివాడికి ఈ సంగతి తెలియదా?

డాంకాస్టర్ దాసు:
తెలియక కాదు. ఆయన ఇంజన్లో మూడో సిలిండరు వాల్వుకి విడిగా గేరు (వాల్వుని కదిలించే యంత్రాంగం) లేదు. రెండు బయటి వాల్వుల కదలికని లివర్లతో కలిపి మధ్య వాల్వుని నడిపేవాడు. వేగంలో ఆ లివర్లు వంగి, పిన్నుల్లో సందు తోడై, మధ్య వాల్వు తన హద్దు దాటి పరిగెత్తేది. దాన్ని అదుపులో పెట్టడానికి నడకని కావాలనే కుదించి, గరిష్ఠ కటాఫ్ 65 శాతానికి ఆపేశారు. అంటే పొట్టి నడక పొరపాటున వచ్చింది కాదు, ఇంకో జబ్బుకి వేసిన మందు.

ఎల్ఎన్ఈఆర్ వాళ్ల డాంకాస్టర్ డ్రాయింగ్ ఆఫీసులో బెర్ట్ స్పెన్సర్ ఈ మార్పు గురించి పోటీకి ముందే అడుగుతున్నాడు. పోటీ తర్వాత దారి తెరుచుకుంది. ముందు 4477 గే క్రూసేడర్ మీద చిన్న సవరణ, 1927లో 2555 సెంటినరీ మీద పూర్తి కొత్త గేరు. లాప్ 1⅝, నడక 5¾. మైలుకి సుమారు 50 పౌండ్ల బొగ్గు తినే ఇంజను 39కి దగ్గరగా దిగింది. బాయిలరు అదే, సిలిండర్లు అవే, 180 పౌండ్ల పీడనమూ అదే. మారింది వాల్వు ఒక్కటే. వాల్వు గేర్ గారి "ముప్పావు వంతు"కి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

కాబట్టి ఓడింది గ్రెస్లీ బాయిలరు కాదు. ఆ బాయిలరుకి పీడనం 220కి పెంచి, సూపర్‌హీటరు (ఆవిరిని ఇంకా వేడెక్కించే గొట్టాలు) పెద్దది చేసి, వాల్వు సరిచేస్తే వచ్చినదే ఎ3. ఇంకో ముప్పై అయిదేళ్లు మెయిన్ లైను మీద తిరిగింది.

స్విండన్ పిచ్చి:
దాసు గారు ఓటమిని ఎంత గౌరవంగా ఒప్పుకున్నారో! మిగతా పావు వంతు నేను చెబుతా. ఎల్ఎన్ఈఆర్ లండన్ స్టేషను కింగ్స్ క్రాస్‌లో రైలు ప్లాట్‌ఫారం వదలగానే సొరంగం, వెంటనే 105కి 1 చొప్పున ఎక్కుడు, తడి పట్టాలు. బాయిలరు ఇంకా పూర్తిగా వేడెక్కని ఇంజనుకి అంతకంటే పాడు చోటు లేదు. పోటీకి వచ్చిన పెండెనిస్ క్యాజిల్ అక్కడ 450 టన్నులకు పైబడిన రైలుని చక్రం జారకుండా ఎత్తుకుపోయింది. ఎ1లు అక్కడ జారడం మామూలే.

లెక్కల మాష్టారు:
ఇక్కడ ఒక తమాషా ఉంది. జోడు చక్రాల (రాడ్లతో కలిపి ఇంజను తిప్పే చక్రాల) మీద బరువుని ట్రాక్టివ్ ఎఫర్ట్‌తో భాగిస్తే ఎ1కి 4.5, క్యాజిల్‌కి 4.2 వస్తుంది. ఈ అంకె ప్రకారం క్యాజిలే ముందు జారాలి. జారలేదు. కారణం వెనక చక్రం. రైలుని లాగేటప్పుడు ఇంజను వెనక్కి కుంగుతుంది. క్యాజిల్ 4-6-0 (ముందు నాలుగు చిన్న చక్రాలు, తర్వాత ఆరు జోడు చక్రాలు, వెనక ఏమీ లేదు), చిట్టచివర ఉన్నది జోడు చక్రమే, ఆ బరువు దాని మీదే పడి పట్టు పెరుగుతుంది. ఎ1 పసిఫిక్ (4-6-2), ఆ బరువు వెనకాల ఉన్న మోత చక్రం మీదికి పోయి, లాగాల్సిన చక్రాలు తేలికపడతాయి. పెద్ద గ్రేటు కావాలంటే వెనక మోత చక్రం తప్పదు. దానికి కట్టే సుంకం ఈ జారుడు.

ఎర్రబాయిలరు:
ఎల్ఎంఎస్ (లండన్ మిడ్‌ల్యాండ్ అండ్ స్కాటిష్) కంపెనీ పేరు ఒక్కరూ ఎత్తట్లేదు. 1926 శరదృతువులో ఇదే క్యాజిల్ క్లాసుది ఒకటి, లాన్సెస్టన్ క్యాజిల్, ఎల్ఎంఎస్ లైను మీద కూడా తిరిగింది. అప్పటిదాకా డెర్బీలోని ఎల్ఎంఎస్ పెద్దలది చిన్న ఇంజన్ల మతం. రైలు బరువెక్కితే రెండో ఇంజను తగిలించు, అంతే. లండన్-కార్లైల్ లాంటి దారిలో ఆ లెక్క కుదరదని క్యాజిల్ కళ్ల ముందు చూపించింది. వాళ్ల ముఖ్య ఇంజనీరు ఫౌలర్ బల్ల మీద ఉన్న కాంపౌండ్ (ఆవిరిని రెండుసార్లు వాడే) పసిఫిక్ ప్లాన్ పక్కకి పోయింది. గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీకి 50 ఇంజన్లు ఆర్డరిచ్చారు, 1927లో రాయల్ స్కాట్లు దిగాయి. మూడు సిలిండర్లు 18 × 26, పీడనం 250. మూడిటికీ మూడు విడి గేర్లు, దాసు గారు గమనించాలి.

అయితే కొత్తలో వాటికీ ఒక తెగులు పట్టుకుంది. పిస్టన్ వాల్వుకి ఒకే ఒక వెడల్పాటి రింగు. షాపు నుంచి వచ్చిన కొత్తలో బాగానే ఉండేది. మైళ్లు గడిచేకొద్దీ అరిగి, ఆవిరి దాని పక్కనుంచి నేరుగా పొగగొట్టంలోకి పోయేది. బొగ్గు ఖర్చు నెలనెలా పాకుతూ పెరిగేది. చూడ్డానికి ఇంజనులో ఏ లోపమూ కనిపించదు, ఫైర్‌మన్ నడుం మాత్రం విరుగుతుంది. ఒక్క వెడల్పు రింగు తీసేసి సన్నని రింగులు కొన్ని వరసగా వేశాక సమస్య పోయింది. ఇంజను కొత్తగా ఉన్నప్పుడు కొలిచిన బొగ్గు లెక్కతో క్లాసులని పోల్చకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ.

గుంతకల్లు గార్డు:
బొగ్గు రకం గురించి ఎవరూ మాట్లాడట్లేదేం? సింగరేణి బొగ్గు బూడిద సంగతి తెలిసిన మనవాళ్లకి ఇది వెంటనే తట్టాలి.

స్విండన్ పిచ్చి:
అక్కడికే వస్తున్నా. జీడబ్ల్యూఆర్ బాయిలరు మొత్తం సౌత్ వేల్స్ బొగ్గు కోసం గీసింది. వేడి ఎక్కువ, బూడిద తక్కువ, మెత్తన, నిదానంగా కాలుతుంది. ఫైర్‌బాక్సు ఫ్రేముల మధ్య ఇరుగ్గా, లోతుగా ఉంటుంది. మంట పేర్చే పద్ధతి వేరు. తలుపు కింద వెనకాల ఎత్తుగా, ముందుకి వాలుగా. అక్కడివాళ్లు దాన్ని గడ్డివామి మంట అనే పిలిచేవాళ్లు. ఆ మందమైన కుప్ప ఒకసారి తెల్లగా కాగిందంటే చాలాసేపు నిలకడగా ఆవిరి ఇస్తుంది.

అదే కుప్పని యార్క్‌షైర్ గట్టి బొగ్గుతో పేర్చితే చెడుతుంది. అది చప్పున మండి పొడవాటి జ్వాలతో పోతుంది, పైనుంచి గాలి ఎక్కువ కావాలి, పల్చని పరుపు కావాలి. మందంగా వేస్తే లోపల ఊపిరాడక నల్లపొగ, కింద క్లింకరు (కరిగి గడ్డకట్టిన బూడిద).

లెక్కల మాష్టారు:
గ్రేటు పరిమాణం ఇక్కడే అక్కరకొస్తుంది. మైలుకి 45 పౌండ్లు, వేగం 55 మైళ్లు అనుకోండి. గంటకి 2,475 పౌండ్లు. క్యాజిల్ గ్రేటు మీద అది చదరపు అడుగుకి 82 పౌండ్లు. ఎ1 మీద 60. వేల్స్ బొగ్గుకి 82 పెద్ద కష్టం కాదు. నాసి బొగ్గైతే ఆ ఊపులో సగం కాలని ముక్కలు బ్లాస్టుకి (బయటికి పోయే ఆవిరి లాగే గాలికి) లేచి పొగగొట్టంలోంచి పోతాయి, కాల్చిన బొగ్గులో కొంత ఆకాశానికి అర్పణ. గ్రెస్లీ వెడల్పు ఫైర్‌బాక్సు పెట్టింది అందుకే. 1925 నాటి పోటీ బొగ్గు బాగున్న రోజుల్లో జరిగింది. యుద్ధం తర్వాత అదే పోటీ పెడితే వేరే కథ.

కొత్త ఫైర్‌మన్:
పెట్టారు కదా, 1948లో?

వాల్వు గేర్:
పెట్టారు. రైల్వేలు జాతీయం అయిన ఏడాదే, ఏప్రిల్ నుంచి. ఎక్స్‌ప్రెస్ క్లాసులు అయిదు: గ్రెస్లీ ఎ4, ఎల్ఎంఎస్ వాళ్ల డచెస్, రీబిల్ట్ (తిరిగి కట్టిన) రాయల్ స్కాట్, కింగ్, సదరన్ రైల్వే వాళ్ల మర్చంట్ నేవీ. వెనకాల లాగుడు కొలిచే డైనమోమీటరు బండి. లాగిన ప్రతి అశ్వశక్తి-గంటకి ఎన్ని పౌండ్ల బొగ్గు అన్నది లెక్క. ఎ4కి 3.06, డచెస్‌కి 3.12, స్కాట్‌కి 3.38. కింగ్, మర్చంట్ నేవీ రెండూ 3.6 దరిదాపుల్లో.

ఈ అంకెలని క్రికెట్ స్కోరులా చదవకండి. కింగ్‌కి ఇచ్చింది యార్క్‌షైర్ గట్టి బొగ్గు. దాని గురించి స్విండన్ పిచ్చి గారు చెప్పిందంతా అక్షరాలా జరిగింది. పైగా బయటి సిలిండర్లు మరీ వెడల్పు. జీడబ్ల్యూఆర్ తొలి ఇంజనీరు బ్రూనెల్ వేసిన ఏడడుగుల ఎడం పట్టా 1892 దాకా ఉంది కాబట్టి జీడబ్ల్యూఆర్ ప్లాట్‌ఫారాలు, వంతెనలు విశాలం. మిగతావాళ్ల దారుల్లో కింగ్ పడదు. అందుకే దాన్ని కింగ్స్ క్రాస్-లీడ్స్ దారికి తప్ప ఇంకెక్కడికీ పంపలేదు.

నీళ్ల సంగతి ఇంకో తమాషా. సదరన్ లైన్లలో పట్టాల మధ్య నీళ్ల తొట్లు లేవు, కాబట్టి వాళ్ల టెండర్లకి (ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే బండ్లకి) నీళ్లు తోడే స్కూపు ఉండదు. పరాయి లైనుకి వెళ్లేటప్పుడు వాళ్ల ఇంజన్లకి ఎల్ఎంఎస్ టెండర్లు తగిలించారు. ఎల్ఎంఎస్ ఇంజన్లు సదరన్‌కి వచ్చినప్పుడు వాటి సొంత టెండర్లో నీళ్లు చాలవు, యుద్ధకాలపు ఎనిమిది చక్రాల టెండర్లు తగిలించారు. తల ఒకరిది, తోక ఒకరిది. ఆ ఫొటోలు చూసి కొత్త క్లాసేమో అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఎర్రబాయిలరు:
పొదుపులో ఎ4 ఫస్టు వచ్చింది, ఒప్పుకుంటాం. ఆ పరీక్షల్లోనే ఎ4లు మూడుసార్లు మధ్యలో చతికిలబడ్డాయి. ఆ మాట కూడా దాసు గారే చెబితే బాగుంటుంది.

డాంకాస్టర్ దాసు:
చెబుతా, దాచేదేముంది. మూడిటికీ మూలం మధ్య బిగ్ ఎండ్. కనెక్టింగ్ రాడ్ వచ్చి క్రాంకుని పట్టుకునే బేరింగు అది.

గ్రెస్లీ గేరు ఎలా పనిచేస్తుందో ముందు చెప్పాలి. మూడు క్రాంకులు 120 డిగ్రీల ఎడంలో ఉన్నప్పుడు మూడు వాల్వుల కదలికలు ఏ క్షణాన కూడినా సున్నా. అంటే రెండిటి కదలిక తెలిస్తే మూడోది దానంతట అదే తెలుస్తుంది. సిలిండర్లకి ముందు ఒక పెద్ద అడ్డ లివరు, దాని పొడవు చేయి పొట్టి చేయికి రెట్టింపు. పొడవు చివర ఒక బయటి వాల్వుకి. పొట్టి చివర ఒక చిన్న సమాన లివరు, దాని ఒక కొస రెండో బయటి వాల్వుకి, ఇంకో కొస మధ్య వాల్వుకి. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. ఒక గేరు మొత్తం ఆదా, ఫ్రేముల మధ్య ఇరుకులో దూరి నూనె పోసే బాధ లేదు.

చెడేది ఇక్కడ. ఎడమ గేరులో అరుగుదల, కుడి గేరులో అరుగుదల, లివర్ల పిన్నుల్లో అరుగుదల, ఈ సందులన్నీ కలిసి చేరేది మధ్య వాల్వు దగ్గరికే. పైగా లివర్లు సిలిండర్లకి ముందువైపు ఉన్నాయి కాబట్టి వాల్వు కాడలు వేడికి సాగిన మేరా అటే పోతుంది. స్మోక్‌బాక్సు తలుపు తీసి బూడిద లాగినప్పుడు రాలే మసి కూడా నేరుగా ఆ పిన్నుల మీదే. వేగం పెరిగితే మధ్య వాల్వు తన హద్దు దాటి తెరుచుకుంటుంది, మధ్య సిలిండరు తన వాటాకి మించి పని చేస్తుంది. ఆ భారమంతా ఎవరి చేయీ అందని మధ్య బిగ్ ఎండ్ మీద. బేరింగులోని తెల్లలోహం (మెత్తని మిశ్రలోహం) కాగి కరిగి కారిపోతుంది.

1936 ఆగస్టులో ఎ4 ఇంజను సిల్వర్ ఫాక్స్ 113 మైళ్లు అందుకున్న రోజు జరిగింది ఇదే. 1938 జులై 3న ఇంకో ఎ4 మాలార్డ్ స్టోక్ దిగుడులో 126 అందుకున్న రోజూ ఇదే, పీటర్‌బరోలో ఇంజను విప్పేశారు. ఆ బేరింగులో సోంపు నూనె నింపిన గొట్టం పెట్టేవాళ్లు. కాగితే గొట్టం పగిలి క్యాబులోకి సోంపు వాసన వస్తుంది. వంటింటి వాసన వచ్చిందంటే డ్రైవరుకి గుండె గుభేల్‌మనాలి.

గుంతకల్లు గార్డు:
126 అసలు నిజమేనా? గ్రెస్లీయే 125 అన్నాడని విన్నాం.

డాంకాస్టర్ దాసు:
డైనమోమీటరు కాగితం చుట్ట మీద 125 నిలకడగా ఉంది, 126 ఒక్క క్షణం మెరుపు. గ్రెస్లీ బతికుండగా 126 అని చెప్పుకోలేదు. ఇంజను పక్కన ఆ ఫలకం 1948లో కొట్టారు. రైలు ఏడు పెట్టెలు, 240 టన్నులు, దిగుడు. జర్మన్ల 05 002 ఇంజను 1936లో దాదాపు సమతలం మీదే 124½ పోయింది. కాబట్టి కాలరెగరేసేటప్పుడు కొంచెం చూసుకుని ఎగరేయాలి.

స్విండన్ పిచ్చి:
మధ్య బిగ్ ఎండ్ జబ్బు కుదిర్చింది ఎవరో కూడా చెప్పండి దాసు గారూ :)

డాంకాస్టర్ దాసు:
స్విండన్ నుంచి వచ్చిన కె.జె. కుక్. సరేనా? 1950ల్లో ఆయన డాంకాస్టర్‌కి మారాక రెండు పనులు చేశాడు. ఒకటి, బేరింగులో తెల్లలోహం అక్కడక్కడ గుంటల్లో పోసే పద్ధతి మానిపించి, లోపలి ముఖమంతా ఎడతెగకుండా పోయించి, నూనె అందేలా ఫెల్టు దిండు పెట్టించాడు. రెండు, ఫ్రేములు, సిలిండర్లు, యాక్సిల్ బాక్సులు ఒకే గీత మీద ఉన్నాయో లేదో దారం కట్టి చూసే బదులు దుర్భిణి లాంటి ఆప్టికల్ పరికరంతో కొలిచే పద్ధతి తెచ్చాడు. గేరు అదే గ్రెస్లీ గేరు. పిన్నుల్లో సందు తక్కువగా ఉంచి, బేరింగు మార్చేసరికి నోరు మూసుకుని పరిగెత్తింది. దానికితోడు చివరి రోజుల్లో ఎ4లన్నిటికీ మాలార్డ్ తరహా జోడు పొగగొట్టం.

నా అభిప్రాయం: గ్రెస్లీ గేరు తప్పుడు డిజైన్ కాదు, అతి నాజూకు డిజైన్. షాపులో మనుషులు సరిపడా ఉన్నంతకాలం నడుస్తుంది. యుద్ధకాలంలో కుదరలేదు.

ఎర్రబాయిలరు:
స్విండన్ మందు ప్రతిసారీ పనిచేయదు కూడా. 1932లో ఇంజనీరు స్టానియర్ స్విండన్ నుంచి ఎల్ఎంఎస్‌కి వచ్చాడు. వస్తూ వస్తూ కోసు (ముందుకి సన్నబడే) బాయిలరు, తక్కువ సూపర్‌హీటు సిద్ధాంతం మూటగట్టుకొచ్చాడు. ఆయన గీసిన మొదటి ప్రిన్సెస్ రాయల్ ఇంజనుకి సూపర్‌హీటరు ఎలిమెంట్లు 16. ఆయనే గీసిన జూబిలీ ఇంజన్లకి 14. ఫలితం? ఆవిరి చాలదు. జూబిలీలు కొత్తలో తిట్లు తిన్నాయి.

స్విండన్‌లో కుదిరింది ఇక్కడెందుకు కుదరలేదంటే, తక్కువ సూపర్‌హీటు అన్నది అక్కడి బొగ్గు, అక్కడి బ్లాస్టు పైపు కొలత, అక్కడి ఫైర్‌మన్ అలవాటు అన్నిటితో కలిపి ఒక జత. ఒక్కటి ఊడదీసి ఇంకో ఇంట్లో పెడితే అతకదు. ప్రిన్సెస్‌కి 32 ఎలిమెంట్లకి పెంచారు, జూబిలీలకి 24కి. అప్పుడు బతికాయి. స్టానియర్ గొప్పతనం అక్కడే, తన పాఠశాల పాఠం తప్పని తేలగానే మార్చేశాడు.

దాని పండు డచెస్. 1937లో మొదలు. నాలుగు సిలిండర్లు 16½ × 28, పీడనం 250, గ్రేటు 50 చదరపు అడుగులు. మాష్టారి సూత్రంలో వేస్తే 40,000కి మూడు పౌండ్లు తక్కువ. 1939 ఫిబ్రవరి 26న డచెస్ ఆఫ్ అబర్‌కార్న్‌కి జోడు పొగగొట్టం పెట్టి, 20 పెట్టెలు, 604 టన్నులు తగిలించి క్రూ నుంచి గ్లాస్గోకి, తిరిగి క్రూకి తిప్పారు. సిలిండర్లలో 3,333 అశ్వశక్తి నమోదైంది. బ్రిటన్‌లో ఆవిరి ఇంజనుకి అది రికార్డు.

లెక్కల మాష్టారు:
ఆ స్థాయికి ఇంజను కంటే ముందు మనిషి ఆగిపోతాడు. ఒక ఫైర్‌మన్ పారతో ఎడతెగకుండా వేయగలిగింది గంటకి 3,000 పౌండ్లు అని తర్వాత బ్రిటిష్ రైల్వేస్ వాళ్లు హద్దు పెట్టుకున్నారు. అంటే 50 చదరపు అడుగుల గ్రేటు మీద అడుగుకి 60 పౌండ్లే. డచెస్ బాయిలరు సత్తా మామూలు రోజుల్లో ఎప్పుడూ పూర్తిగా బయటపడలేదు.

గుంతకల్లు గార్డు:
ఇక్కడ మన దేశం సంబంధం ఒకటుంది. 1937 జులై 17న బిహార్‌లోని బిహ్టా దగ్గర ఎక్స్‌బీ పసిఫిక్ ఇంజను పట్టా తప్పి వందమందికి పైగా చనిపోయారు. ఆ ఎక్స్ శ్రేణి పసిఫిక్‌లు వేగంలో అటూ ఇటూ తోక ఊపేవి, ఆ తాకిడికి పట్టాలే వంకరపోయేవి. విచారించడానికి 1938-39 చలికాలంలో వచ్చిన పసిఫిక్ లోకోమోటివ్ కమిటీలో స్టానియర్ సభ్యుడు. ముందు బోగీని, వెనక మోత చక్రాన్ని పక్కకి ఊగకుండా పట్టే స్ప్రింగులు బలహీనమన్నది వాళ్లు తేల్చిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటి. తర్వాత 1947లో వచ్చిన డబ్ల్యూపీ ఇంజను అందుకే అంత నిలకడ. దాని గ్రేటు 46 చదరపు అడుగులు, మన బూడిద బొగ్గుకి అది అవసరం. క్యాజిల్‌ని తెచ్చి ఇక్కడి బొగ్గు వేసుంటే మొదటి ఎక్కుడులోనే నిలబడిపోయేది.

కొత్త ఫైర్‌మన్:
మర్చంట్ నేవీ గురించి ఎవరూ పట్టించుకోలేదు. అది మరీ అంత చెత్తా?

వాల్వు గేర్:
చెత్త కాదు, సగం అద్భుతం. సదరన్ ఇంజనీరు బుల్లీడ్ 1941లో కట్టిన బాయిలరు, 280 పౌండ్ల పీడనం, వెల్డింగు చేసిన స్టీలు ఫైర్‌బాక్సు, ఏ బొగ్గు వేసినా ఆవిరి కరువు ఉండదు. పాడైన సగం కింద ఉంది. వాల్వు గేరుని గొలుసులతో నడిపి మొత్తాన్ని నూనె తొట్టిలో మూసేశాడు, మెయింటెనెన్స్ అక్కర్లేదని. గొలుసు సాగితే వాల్వు సమయం తప్పుతుంది. తొట్టి అతుకులు కారి నూనె చక్రాల మీద చింది ఇంజను జారుతుంది. బాయిలరు చుట్టూ చుట్టిన లాగింగు (వేడి పోకుండా ఆపే పొర) నూనె పీల్చుకుని నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఆవిరితో నడిచే రివర్సరు (కటాఫ్ మార్చే సాధనం) పెట్టిన చోట నిలవదు, డ్రైవరు 25 శాతం పెడితే అది తనకి నచ్చినచోటికి పాకుతుంది. 3.6 అంకె వెనక ఇవన్నీ ఉన్నాయి. 1956 నుంచి ముప్పైకి ముప్పై ఇంజన్లూ మామూలు వాల్‌షార్ట్ గేరుతో తిరిగి కట్టారు. బాయిలరు ముట్టుకోలేదు. అంతటితో మంచి ఇంజనైంది.

కొత్త ఫైర్‌మన్:
చివరి సందేహం. కింగ్‌కి 22½ టన్నుల యాక్సిల్ భారం (ఒక ఇరుసు మీద పడే బరువు). అంతకుముందు క్యాజిల్‌ని 20 టన్నుల లోపు ఎందుకు బిగించారు? వంతెనలు ఏడాదిలో మారిపోయాయా?

స్విండన్ పిచ్చి:
మారిపోలేదు, చాలావరకు అప్పటికే మారి ఉన్నాయి! సివిల్ ఇంజనీర్లు చాలా ఏళ్లుగా మెయిన్ లైను వంతెనలని 22 టన్నులకి కట్టుకుంటూ వస్తున్నారు, ఇంజన్లు గీసేవాళ్లకి ఆ కబురు అందలేదు. జనరల్ మేనేజరు ఫీలిక్స్ పోల్ 1926లో ఆరా తీస్తే పశ్చిమ మెయిన్ లైనులో నాలుగు వంతెనలే మిగిలాయని తేలింది. వాటిని పూర్తిచేయమని చెప్పి, కింగ్‌కి 22½ దాకా అనుమతిచ్చాడు. నాలుగు సిలిండర్లు ఒకదాన్నొకటి సరితూచుకుంటాయి కాబట్టి పట్టా మీద సుత్తి దెబ్బ తక్కువ, ఆ అర టన్ను అదనం వంతెనకి బరువనిపించదు. అయినా కింగ్‌లకి తిరిగే దారులు తక్కువే. పక్క లైన్లకి క్యాజిలే దిక్కు, 1950 దాకా కడుతూనే ఉన్నారు.

డాంకాస్టర్ దాసు:
ఇంతకీ ఆ 4079 పెండెనిస్ క్యాజిల్ ఎక్కడుందో తెలుసా? 1977లో ఆస్ట్రేలియా ఇనుప గనుల కంపెనీకి అమ్ముడుపోయి, 2000లో తిరిగొచ్చి, డిడ్‌కాట్‌లో ఏళ్ల తరబడి మరమ్మతు అయ్యాక 2022లో మళ్లీ ఆవిరెత్తింది. వాల్వు నడక అదే, 7¼ అంగుళాలు.